పంటి సందున పీచు

అండమానులో పనిచేస్తున్నవాడు మన పత్రికకు వ్యాసం పంపాడంటే, పాఠకులు సెల్యులార్ జైలు గురించో, రాస్ దీవిలోని శిథిలాల గురించో, సముద్రగర్భంలోని పగడాల గురించో చదవబోతున్నామని ఆశిస్తారు. ఆ ఆశ న్యాయమైనదే. వాటిని నేనూ చూశాను, తలచుకొన్నప్పుడల్లా మనస్సు బరువెక్కుతుంది. కాని వాటిని గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సంస్థలోనే ఉన్నారు. నేను వ్రాయబోయేది ఒక ప్లాస్టిక్ పిడిని గురించి, దాని చివర తగిలించే బొటనవ్రేలి గోరంత దారపు ముక్కను గురించి, ఆ రెండింటితో 76 ఏళ్ల మా అమ్మ నడిపిన వ్యవహారాన్ని గురించి. విషయం మరీ చిన్నదని సంపాదకులవారికి తోచినట్లయితే కత్తెర వారి చేతిలోనే ఉన్నది.

మేము నివసిస్తున్నది సిప్పీఘాట్‌లో. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఇది సుమారు 14 కిలోమీటర్ల దూరం. వండూరు సముద్రతీరానికి పోయే యాత్రికులు కారు అద్దంలోనుండి చూసి దాటిపోయే ఊరు. ఇక్కడ 80 ఎకరాల ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం లవంగానికి, జాజికాయకు, దాల్చినచెక్కకు, మిరియానికి పేరుపొందింది. పసిఫిక్ దీవులనుండి తెప్పించిన కొబ్బరి రకాలను సంరక్షించిన ప్రపంచ కొబ్బరి జన్యుసంపద కేంద్రం కూడా ఈ ఊరిదే. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు క్రుంగిపోయింది. సునామీతో వచ్చిన ఉప్పునీరు అన్నిచోట్లా వెనుకకు పోయినట్లు ఇక్కడ పోలేదు. వరి పండిన మళ్ళు మడుగులైనవి. ఇప్పుడు అక్కడ మడచెట్లు మొలిచి, కొంగలు, నీటికోళ్ళు చేరగా, దుర్భిణులు మెడలో వేసుకొని పక్షులను చూచేవారు వస్తున్నారు. పొలం పోగొట్టుకొన్న రైతు ప్రక్కన నిలబడి వారి ఆనందాన్ని చూస్తే ఏమనాలో నాకు తోచదు.

తెలుగు మాటకు మాత్రం ఇక్కడ కొదవలేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి వచ్చి స్థిరపడినవారు ఈ దీవులలో చాలామంది. సంతలో కూరగాయల బేరం తెలుగులోనే చేయవచ్చు. మా అమ్మకు పొరుగూరి ముచ్చట్లు లేని లోటు కలగకపోవడానికి అదే కారణం.

అమ్మకు కొన్నేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చేయి స్వాధీనం తప్పినవి. వైద్యంతో కాలు చాలవరకు కోలుకొన్నది. చేయి కోలుకోలేదు. నాన్నగారు అప్పటికే లేరు. విశాఖలో తమ్ముడి ఇంట కొంతకాలం ఉండి, నాకు ఇక్కడికి బదిలీ అయిన మీదట మా వద్దకు వచ్చింది. చక్కెర వ్యాధి అంతకుముందునుండే ఉన్నది. ఇన్ని కష్టాలలోనూ ఆమె విడువనివి రెండు: చేపల పులుసు, భోజనానంతరం తాంబూలం. వక్కతోటలు విస్తారంగా ఉన్న దీవులకు వచ్చిన మనిషికి వక్క మానుమని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఆమెకు మిగిలినవి 14 పళ్ళు. లేనివాటి స్థానంలో తీసి పెట్టుకొనే పళ్ళ సెట్టు ఉన్నది. ఇటువంటి సెట్టు గాలిలో నిలవదు. దానికి రెండు వైపులా ఉండే తీగ కొక్కేలు మిగిలిన సొంత పళ్ళను పట్టుకొని ఉంటవి. అమ్మ విషయంలో ఆ భారమంతా క్రింది దవడలోని నాలుగు పళ్ళది. పరీక్షించిన దంతవైద్యుడు ఆ నాలుగింటి చిగుళ్ళను చూపించి, సన్నని పరికరంతో తాకగానే రక్తం ఊరడం చూపించి, "అమ్మగారూ, ఈ నాలుగూ నిలిచినంత కాలమే మీ సెట్టు నిలుస్తుంది. ఇవి పోతే కొక్కేనికి ఆధారం ఉండదు" అన్నాడు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికి వచ్చిన తరువాత, "అయితే ఇహ గంజే గతి అన్నమాట" అన్నది.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పక తప్పదు. పంటిమీద నిత్యం ఏర్పడే మెత్తని పొరను మన పెద్దలు పాచి అన్నారు. అది కేవలం తిండి అవశేషం కాదు, సూక్ష్మజీవులు గూడుకట్టుకొన్న పొర. రెండు మూడు రోజులు కదపకుండా వదిలితే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి గట్టిపడడం మొదలవుతుంది. అదే గార. పాచిని ఇంట్లో తీయవచ్చును, గారను దంతవైద్యుడు మాత్రమే తీయగలడు. బ్రష్షు పంటి ముందుభాగాన్ని, వెనుకభాగాన్ని, నమిలే పైభాగాన్ని శుభ్రం చేస్తుంది. పంటికీ పంటికీ నడుమ ఉన్న రెండు గోడలను దాని కుచ్చులు చేరలేవు. చిగుళ్ళవాపు తరచు అక్కడే మొదలవుతుంది. 1965లో డెన్మార్కులో లో అనే ఆచార్యుడు, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యవంతులైన 12 మంది పళ్ళు తోమడం మానివేశారు. 10 నుండి 21 రోజులలో అందరికీ చిగుళ్ళు వాచినవి. మళ్ళీ తోమడం మొదలుపెట్టిన వారం రోజులకు వాపు తగ్గింది. పాచికీ చిగుళ్ళవాపుకూ ఉన్న సంబంధం ఇంత సూటిగా అంతకుముందు ఎవరూ చూపలేదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే రక్తంలో చక్కెర అదుపు తప్పుతుంది. ఒకటి మరొకదానిని ఎగదోస్తూ ఉంటుంది.

పక్షవాతం దీనికి మరొక చిక్కు చేర్చింది. స్పర్శ తగ్గిన కుడి బుగ్గలో అన్నం మెతుకు నిలిచిపోయినా, వక్క పీచు ఇరుక్కొన్నా అమ్మకు తెలియదు. మనకయితే పంటి సందున చిన్న పీచు ఇరుకుతే లోకమంతా అక్కడే ఉన్నట్లనిపిస్తుంది. నాలుక పదే పదే అక్కడికే పోతుంది. మన కార్యాలయాలలో భోజన విరామం తరువాత గుండుసూది, కాగితపు క్లిప్పు, అగ్గిపుల్ల పడే అవస్థ అందరూ ఎరిగినదే. ఆ బాధే తెలియనప్పుడు పీచును తీసేదెవరు?

అమ్మ జీవితంలో అధికభాగం పందుంపుల్లతో గడిచింది. వేప, కానుగ, ఉత్తరేణి, ఏది దొరికితే అది. కొస నమిలి కుంచె చేసుకొని తోముకొని, ఆ పుల్లనే నిలువునా చీల్చి నాలుక గీచుకొని పారవేయడం ఆ తరంవారి పద్ధతి. సుశ్రుత సంహిత 12 అంగుళాల పొడవు పుల్లను విధించింది. పుల్ల మంచిదే. కాని అది కూడా పంటి సందులలోకి పోదు. దానిని త్రిప్పడానికి కావలసిన కుడిచేయి ఇప్పుడు ఆమెకు లేదు.

పళ్ళ మధ్య దారం నడపాలన్న సలహా కొత్తది కాదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరపు దంతవైద్యుడు లెవీ స్పియర్ పార్మ్లీ 1819లో ప్రచురించిన పుస్తకంలో మైనపు పట్టుదారంతో పంటి సందులను శుభ్రపరచుకోవలెనని వ్రాశాడు. 1882లో అక్కడి ఒక కంపెనీ పట్టుదారాన్ని ఇందుకోసమే అమ్మకానికి పెట్టింది. 1898లో జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ పేటెంటు పొందింది. శస్త్రచికిత్సలో గాయాలు కుట్టే పట్టుదారం తయారుచేసేవారికి ఇది సహజంగా తోచిన వ్యాపారమే. 1940 దశకంలో చార్లెస్ బాస్ అనే వైద్యుడు పట్టుకు బదులు నైలాన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు దీనినే మన పట్టణాలలో ఫ్లాస్ అంటున్నారు.

దారం కొని తెచ్చాము. అక్కడే అసలు ఇబ్బంది మొదలయింది. దారం నడపడానికి రెండు చేతులు కావాలి. ఒక మూరెడు త్రుంచి, రెండు నడిమివ్రేళ్ళకు చుట్టుకొని, బిగించి, నోటిలోపలికి రెండు చేతుల వ్రేళ్ళూ పోనివ్వాలి. ఒంటిచేతి మనిషికి అది సాధ్యం కాదు. మా శ్రీమతి ఆ పని తన మీద వేసుకొన్నది. రోజూ రాత్రి అత్తగారిని దీపం క్రింద కూర్చోబెట్టి ఎంతో ఓర్పుతో చేసేది. నాలుగు రోజులు గడిచిన తరువాత అమ్మ నోరు తెరవలేదు. కోడలు బ్రతిమాలింది. నేను బ్రతిమాలాను. చివరకు అమ్మ నన్ను ఒంటరిగా పిలిచి, "చీర కట్టించుకుంటన్నాను, తల దువ్వించుకుంటన్నాను బాబూ. నోట్లో చెయ్యి కూడా పెట్టించుకోమంటే నా వల్ల కాదు. ఆ పిల్ల ఏటీ అనుకోదు, నాకు తెలుసు. నేనే అనుకుంటన్నాను" అన్నది.

ఆ మాటకు నా వద్ద సమాధానం లేదు. వృద్ధాప్యంలో శరీరంలోని ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్కరి చేతికి అప్పగించవలసి వస్తుంది. ఎక్కడో ఒకచోట మనిషి ఆగిపోతాడు. మా అమ్మ నోటివద్ద ఆగింది.

పిడి ఉన్న పరికరం ఒకటి ఉన్నదని దంతవైద్యుడే చెప్పాడు. తమ్ముడు విశాఖలో వెదకి పంపించాడు. ఆకారం టూత్‌బ్రష్షు వంటిదే, పొడవు కూడా సుమారు అంతే. కుచ్చులు ఉండవలసిన చోట చిన్న గాడి ఉన్నది. ఆ గాడిలోకి టక్కుమని దిగే తలలు విడిగా పొట్లంలో వస్తవి. ఒక్కొక్క తలకు రెండు కొమ్ములు, కొమ్ముల నడుమ బిగించి కట్టిన దారం. వాడిన తరువాత తల ఊడదీసి పారవేసి, మరునాడు కొత్తది తగిలించాలి. పిడి అలాగే ఉంటుంది. అమ్మ దానిని అటూ ఇటూ త్రిప్పి చూసి, "ఏట్రా ఇది, ఉండేలా?" అన్నది. ఆ దినంనుండి మా ఇంట దాని పేరు ఉండేలు.

ఒక పెద్ద అభ్యంతరం మిగిలింది. పనిచేసేది ఎడమచేయి. ఎడమచేతితో అన్నం తినడానికే ఆమెకు ఆరు నెలలు పట్టింది. అదికూడా చెంచా ఉన్నందువల్ల, చేయి అన్నానికి తగలనందువల్ల ఒప్పుకొన్నది. ఆ తర్కాన్నే కోడలు ఇక్కడా ప్రయోగించింది. "అత్తయ్యగారూ, మీ చెయ్యి నోట్లోకి పోదు. పిడి పోతుంది, అది కూడా సగం దాకానే. చెంచా పోవడం లేదూ?" అన్నది. అమ్మ కొంత ఆలోచించి, "చెంచా లాంటిదే అయితే సరే" అన్నది. శాస్త్ర గ్రంథాలలో ఇటువంటి మినహాయింపు ఉన్నదో లేదో పండితులు చెప్పాలి. మాకు పని జరిగింది.

మొదటి వారం పిడి చేతినుండి జారిపోయేది. ప్లాస్టిక్ పిడి సన్నగా, నున్నగా ఉన్నది. బలం తక్కువైన పిడికిలికి లావుపాటి పిడి కావాలి. మా ఇంట పాత సైకిలు హేండిలుకు తొడిగిన రబ్బరు గ్రిప్పు ఉన్నది. దానిని వేడినీటిలో కడిగి, లోపల గుడ్డ పీలికలు కూరి, పిడికి తొడిగాను. మన మెయింటెనెన్స్ విభాగం మిత్రులు చూస్తే నవ్వుతారేమో గాని, ఆ తరువాత పిడి జారలేదు.

వాడే పద్ధతిని అద్దం ముందు నేర్చుకొన్నది. దారాన్ని బలంగా క్రిందికి నొక్కితే టక్కుమని దిగి చిగురును కోస్తుంది. రంపం నడిపినట్లు ముందుకూ వెనుకకూ మెల్లగా ఆడిస్తూ దింపాలి. దిగిన తరువాత పిడిని ఒకసారి ముందు పంటివైపు, ఒకసారి వెనుక పంటివైపు అదిమి, గోడవెంబడి పైకీ క్రిందికీ రెండు మూడు సార్లు నడపాలి. వ్రేళ్ళతో పట్టిన దారాన్ని పంటిచుట్టూ అర్ధచంద్రాకారంగా ఒంచవచ్చు. కొమ్ముల నడుమ బిగిసిన దారం అంతగా ఒంగదు. ఈ పరికరం లోపం అదే. పైగా వ్రేళ్ళతో అయితే ఒక్కొక్క సందుకు దారంలో కొత్తభాగం వాడుకోవచ్చు. ఇందులో నోరంతటికీ ఒకటే ముక్క, నడుమ నడుమ నీటిలో జాడించుకోవాలి. అందుచేత రెండు చేతులూ చక్కగా ఉన్నవారు సాధారణ దారమే వాడుకోవడం మేలని నా అభిప్రాయం. అమ్మ వంటివారికి, కీళ్ళవాతంతో వ్రేళ్ళు వంకరలు పోయినవారికి, చేయి వణికేవారికి ఈ పిడి వరం. నోరు తక్కువగా తెరుచుకొనేవారికి వెనుక దవడపళ్ళను అందుకోవడానికి కూడా ఇదే అనువు.

తలల సరఫరా వేరే కథ. ఒక కంపెనీ పిడికి మరొక కంపెనీ తల పట్టదు. మన స్టోర్స్ విభాగంలో పనిచేసినవారికి ఇందులోని బాధ విప్పి చెప్పనవసరం లేదు. ఈ తలలు సిప్పీఘాట్ దుకాణాలలో నాకు దొరకలేదు. ప్రధాన భూభాగంనుండి రావాలి. విశాఖనుండి వచ్చే ఓడ నిత్యం ఉండదు, వానకాలంలో సముద్రం ఉగ్రమయితే పార్సెళ్ళు ఆలస్యమవుతవి. అమ్మ గోడకు తగిలించిన క్యాలెండరులో రోజుకొక గీత పెట్టి, మిగిలినవి పదిహేను ఉండగానే తమ్ముడికి ఫోను చేయిస్తుంది. రీఆర్డర్ స్థాయి అంటే ఏమిటో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఒకసారి పార్సెలు మరీ ఆలస్యమయినప్పుడు వాడిన తలలనే కడిగి మళ్ళీ వాడతానన్నది. దారం పోగులు లేచి సందున తెగి ఉండిపోతుందని వారించవలసి వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ ఉప్పు వేసిన గోరువెచ్చని నీటితో పుక్కిలించి, బ్రష్షుతో సరిపెట్టుకొన్నది. కోడలు సహాయం మాత్రం తీసుకోలేదు.

వాడిన తలలను ఏమి చేయాలన్నది నన్ను ఇప్పటికీ బాధించే ప్రశ్న. దీవిలో పారవేసినది ఏదీ దూరంగా పోదు. ఇంటివెనుక కాలువ, కాలువ తరువాత మడచెట్లు, ఆ తరువాత సముద్రం. మొత్తం పుల్లనే ఒకసారి వాడి పారవేసే రకం కూడా బజారులో ఉన్నది. దానితో పోలిస్తే తలను మాత్రమే మార్చే ఈ రకంలో చెత్త తక్కువ. తక్కువ అన్నానే గాని లేదనలేదు. అమ్మ వాటిని ఖాళీ అయిన పచ్చడి జాడీలో వేస్తుంది. జాడీ నిండినప్పుడు నేను పట్టణానికి తీసుకొనిపోయి ప్లాస్టిక్ చెత్త తీసుకొనేచోట ఇస్తాను.

ఈ దారం వల్ల నిజంగా ప్రయోజనం ఉన్నదా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. 2016లో అమెరికా పత్రికలలో దీనిమీద పెద్ద చర్చ జరిగింది. దారానికి అనుకూలమైన పరిశోధనలు బలహీనమైనవని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వ్రాసింది. 2019లో కోక్రేన్ సంస్థ 35 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 3,929 మంది పెద్దల వివరాలను పరిశీలించింది. బ్రష్షు ఒక్కటే వాడడంకంటె బ్రష్షుతోపాటు దారమో, సందులలో నడిపే చిన్న కుంచెలో వాడితే చిగుళ్ళవాపు కొంత తగ్గవచ్చుననీ, అయితే సాక్ష్యం అంత బలమైనది కాదనీ తేల్చింది. దారంకంటె కుంచెలే కొంత మెరుగు కావచ్చునని కూడా సూచించింది. అమ్మకు కుంచెలు కూడా ప్రయత్నించాము. వెడల్పయిన సందులకు అవి బాగున్నవి, ఇరుకైన సందులలోకి పోలేదు. అందుచేత దంతవైద్యుడి సలహాపై రెండు సందులకు కుంచె, మిగిలినవాటికి ఉండేలు అని ఏర్పాటు జరిగింది.

వక్క సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. పొగాకు కలపకపోయినా సరే. దంతవైద్యుడు ఈ మాట చెప్పినప్పుడు అమ్మ నమ్మలేదు. "మా అమ్మ ఎనభై ఏళ్ళు నమిలింది" అన్నది. నేను వాదించలేదు. కాని ప్రతి రాత్రీ ఉండేలుకు చిక్కి బయటపడే ఎర్రటి పీచును ఆమె తానే చూస్తున్నది. ఏ పంటి సందునుండి ఎంత వస్తున్నదో ఆమెకే తెలుస్తున్నది. రెండు నెలల తరువాత ఒకనాడు భోజనమయిన తరువాత వక్కల డబ్బా తెరవకుండా, "ఈ ఊరి లవంగం ఒకటి పడెయ్యమ్మా" అని కోడలిని అడిగింది. డబ్బా ఇప్పటికీ ఆమె మంచం ప్రక్కన ఉన్నది. అందులో మందుబిళ్ళలు పెట్టుకొంటున్నది.

ఎనిమిది నెలల తరువాత దంతవైద్యుడు మళ్ళీ పరీక్షించాడు. నాలుగింటిలో ఒకటి పోయింది. అది మొదటే కదిలిపోయి ఉన్నదనీ, ఎవరు ఏమి చేసినా నిలిచేది కాదనీ అన్నాడు. మిగిలిన మూడింటి చిగుళ్ళు గట్టిపడినవి, పరికరం తాకితే రక్తం రాలేదు. సెట్టును సవరించి, కొక్కెం ప్రక్కపంటికి మార్చాడు. అమ్మ ఆయనతో, "నాలుగుకు మూడు. పరీక్షలో అయితే ఫస్టు క్లాసే కదండీ" అన్నది. ఆ సాయంత్రం చేపల పులుసు వండించుకొని ముళ్ళు తానే ఏరుకొని తిన్నది.

రాత్రి తొమ్మిది గంటలకు స్నానాలగది తలుపు వేసుకొంటుంది. పావుగంటవరకు ఎవరినీ రానివ్వదు. లోపలనుండి నీళ్ళు జాడించే చప్పుడు, చివరికి తల ఊడదీసిన టక్కుమనే చప్పుడు వినిపిస్తవి. గత వారం ఓడలో రెండు పొట్లాలు చేరినవి. ఆమె లెక్క ప్రకారం సంక్రాంతి వరకు సరిపోతవట.